మూడు ముళ్ళు

మార్చి చివరి శనివారం ఉదయం వెర్నా కోస్ట్‌కా పెనం మీద జింకమాంసం సాసేజ్‌లు తిప్పుతూ గారేజ్ వైపు చెవి పెట్టింది. ఇవాళ కూడా చప్పుడేమీ లేదు. అదే ఆమెకు వింతగా ఉంది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో తెల్లారేసరికి కాఫీ వాసన, రేకుల్ని కలిపి బిగించే రివెట్ల మోత కలిసే వచ్చేవి. పక్కింటివాళ్లు అలారం పెట్టుకోవడం మానేశారని ఊళ్లో వేళాకోళం.

ఆమె భర్త లైల్ విస్కాన్సిన్‌లోని ఆ చుట్టుపక్కల పాడి ఫారాలన్నిటికీ నలభై ఏళ్లు పాలు పితికే యంత్రాలు బాగుచేశాడు. పని మానిన మర్నాడే విమానం కట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు కూర్చునే చిన్న అల్యూమినియం విమానం అది. రేకులూ నక్షాలూ పెట్టెల్లో వచ్చాయి, మిగతాదంతా వీళ్లిద్దరి చేతులే. ఒక చలికాలమంతా దాని తోక భోజనాల గదిలోనే ఉంది. క్రిస్మస్ విందుకు వచ్చిన చుట్టాలు దాని కిందనుంచి వంగి దూరి కుర్చీలకు చేరుకున్నారు. రేకుకి ఇటువైపు లైల్ రివెట్ తుపాకీ పట్టుకుంటే, అటువైపు వెర్నా ఇనుప దిమ్మె ఆనించి పట్టుకునేది. అలా పదమూడు వేల పైచిలుకు రివెట్లు పడ్డాయి. ముప్పై ఏళ్లు మంచు రోడ్ల మీద స్కూలు బస్సు నడిపిన చేతులవి. ఆ దిమ్మె ఒక్కనాడూ వణకలేదు.

ఇక మిగిలింది ప్యానెల్ ఒక్కటే. పైలట్‌కి ఎదురుగా మీటర్లు బిగించే రేకు. అది అక్టోబర్ నుంచీ బల్లమీద ఒక్క రంధ్రం కూడా పడకుండా అలాగే ఉంది. ఎందుకు ఆపావని అడిగితే లైల్ “తొందరేముంది” అనేవాడు. జీవితంలో ఎన్నడూ ఆ మాట అనని మనిషి.

తొమ్మిది గంటలకు కూతురు జానెల్ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల జానెల్ మినియాపొలిస్ నుంచి సరుకు విమానాలు నడుపుతుంది. చంకలో ఒక అట్టపెట్టె పెట్టుకుని, బూట్ల బురద గుమ్మంలో దులుపుతూనే అరిచింది.

“నాన్నా! నీ ప్యానెల్ సమస్య తీరిపోయింది. చూడు, రెండు తెరలు. వేగం, ఎత్తు, దిక్కు, ఇంజన్ వేడి, అన్నీ వీటిలోనే. నీ గుండ్రని మీటర్లు ఇరవై ఎందుకు ఇక?”

లైల్ పెట్టెలోకి తొంగి చూశాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు. “మంచివే తల్లీ. కానీ నాకు ముళ్ళ మీటర్లే కావాలి.”

“మొదలైంది,” అంది వెర్నా సాసేజ్‌లు వడ్డిస్తూ. “మీ నాన్నకి మైక్రోవేవ్‌తోనే మాటల్లేవు.”

“తెర ఆరిపోతే?” అన్నాడు లైల్.

“దానికి సొంత బ్యాటరీ ఉంది. ఒకటి పోతే రెండోది అన్నీ చూపిస్తుంది. నీ మీటర్ పాడైతే ఏమవుతుందో తెలుసా? ముల్లు ఇరుక్కుపోయి, అక్కడే నిలబడి అబద్ధం చెబుతూ ఉంటుంది. నువ్వు నమ్ముతూ ఉంటావు.”

“నలభై ఏళ్లు పాల మిషన్ల దగ్గర ముళ్ళనే నమ్మాను. అంకె చదవక్కర్లేదు, ఎటు వాలిందో చూస్తే చాలు. మీ తెరల మీద అంకెలు చీమల్లా పాకుతుంటాయి.”

“నాన్నా, మేం రోజూ ఈ చీమలతోనే టన్నుల కొద్దీ సరుకు దించుతున్నాం.”

“నువ్వు నడిపేది నీది. ఇది నాది!”

బల్లమీద కప్పు గట్టిగా పడింది. వెర్నా ఇద్దరినీ చూసింది. ఇంత చిన్న విషయానికి లైల్ గొంతు ఇంతలా లేవడం ఆమెకు అర్థం కాలేదు.

జానెల్ ఓడిపోయే రకం కాదు. “అయితే పందెం. పరీక్ష పెట్టి చూద్దాం,” అని లేచింది. గారేజ్‌లో ఒక అట్టమీద ఆరు గుండ్రని మీటర్లు గీసి, తిప్పడానికి వీలుగా వాటికి ముళ్ళు గుచ్చింది. ఇంకో అట్టకి తెర బిగించి, బ్యాటరీ తగిలించి, ఉత్తుత్తి అంకెలు చూపించే డెమో పెట్టింది. తండ్రిని విమానంలో కూర్చోబెట్టి ఒకదాని తర్వాత ఒకటి ఎదుట పెట్టింది. వెర్నా రెక్క పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని చూస్తోంది.

ముళ్ళతో లైల్ ఒక్కటీ తప్పలేదు. జానెల్ తిప్పడం ఆలస్యం, జవాబు వచ్చేసేది. “తొంభై. రెండు వేలు. ఎడమకి వాలుతోంది.”

“సరే, ఇప్పుడు తెర. ఎత్తు చెప్పు.”

లైల్, కోడి గింజను చూసినట్టు, తల పక్కకి తిప్పాడు. “మూడు వేల... ఎనిమిది వందలు.”

“మూడు వేల మూడు వందలు! వేగం?”

“అరవై.”

“ఎనభై! కావాలనే తప్పు చెబుతున్నావు కదూ, పందెం గెలవడానికి?” జానెల్ పకపకా నవ్వింది.

వెర్నా నవ్వలేదు. ఆమె చూపు అతని మెడ మీద ఆగిపోయింది. ఆ తల తిప్పడం తను ఈ చలికాలమంతా చూస్తూనే ఉంది. పేపరు తనచేత చదివించుకోవడం ముద్దు అనుకుంది. నడుము నొప్పి అంటూ కారు తాళాలు తన చేతిలో పెట్టడం వయసు అనుకుంది. నక్షాలో కొలతలు గట్టిగా చదవమనడం అలవాటు అనుకుంది.

“జానెల్, ఆపు,” అంది. లేచి వెళ్లి విమానం పక్కన అతనికి ఎదురుగా నిలబడింది. “లైల్. నా మొహం కనిపిస్తోందా?”

జానెల్ చేతిలోని అట్ట మెల్లగా కిందికి దిగింది.

“జుట్టు కనిపిస్తుంది,” అన్నాడు లైల్. “చెవులు కనిపిస్తాయి. నడుమ పొగ. పక్కకి చూస్తే కాస్త దొరుకుతావు.”

“ఎప్పట్నుంచి?”

“అక్టోబర్‌లో డాక్టర్ చెప్పాడు. రెండు కళ్ళూ. చూపులో అంచులు పోవట, నడిమధ్యే పోతుందట. ఉన్నదాన్ని కాపాడుకోవడమే తప్ప తిరిగి రాదన్నాడు.”

వెర్నా విమానం అంచు పట్టుకుంది. “నువ్వు నావైపు చూడకుండా మాట్లాడుతుంటే... నామీద ఏదో కోపమనుకున్నా లైల్. ఆరు నెలల్నుంచీ నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నా.”

జానెల్ మొహం ఎర్రబడింది. “ఆ కళ్ళతో ఎగరాలనుకున్నావా? అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని?”

“అమ్మని కాదు. నేనొక్కడినే. ఒక్కసారి. ముళ్ళు ఎటు వాలాయో చూసుకుంటూ రన్‌వే చుట్టూ ఒక్క చుట్టు. తొమ్మిదేళ్లు కట్టానమ్మా. చెబితే ఆ రోజే ఇది నాది కాకుండా పోతుందని...”

“ఒక్కడివేనా?” అంది వెర్నా. “ప్రతి రివెట్ వెనకా నేనున్నాను. ఆ ఒక్క చుట్టులో నువ్వు పోతే నేనేం చెయ్యాలి? ఇంకో విమానం కట్టుకోవాలా?”

లైల్ దిగాడు. చేత్తో రెక్క అంచు తడుముకుంటూ బయటికి నడిచాడు. అతను అలా తడుముకుంటూ నడవడం వాళ్లిద్దరూ చూడటం అదే మొదలు. ఇక దాచేందుకు ఏమీ లేకపోయింది కాబోలు.

ఆ తర్వాత నాలుగు రోజులు గారేజ్ తలుపు తెరుచుకోలేదు. లైల్ కిటికీ దగ్గర కూర్చుని రేడియో వింటూ, ఐదో రోజున “అమ్మేద్దాం,” అన్నాడు. అతని గొంతులో బాధ కూడా లేదు. దానికే వెర్నాకు భయం వేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే గారేజ్‌లోకి వెళ్లింది. ఎప్పుడూ బయటే నిలబడి దిమ్మె పట్టిన మనిషి, మొదటిసారిగా ఎడమవైపు సీట్లోకి ఎక్కి కూర్చుంది. కరిగే మంచు మీదనుంచి కిటికీలోకి పడిన వెలుగు రేకుల లోపలంతా పరుచుకుంది. ఎటు చూసినా బారులు తీరిన రివెట్లు. ఇంత సన్నని రేకులు గాలి మీద ఆనుకుని ఇద్దరు మనుషుల్ని మోస్తాయి! తొమ్మిదేళ్లు వంకర రేకులనీ, పగిలిన గోళ్ళనీ చూసిందే తప్ప, ఇది విమానమని ఆమె ఎన్నడూ తలెత్తి చూడలేదు. విమానాన్ని తిప్పే కర్ర పట్టుకుని కదిపింది. రెక్క చివర పలక పైకి లేచింది. మళ్లీ కదిపింది.

శుక్రవారం చేపల వేపుడు తినడానికి ముగ్గురూ ఊరి క్లబ్‌కి వెళ్లినప్పుడు, ప్లేట్లు రాకముందే చెప్పేసింది. “నేను నేర్చుకుంటాను.”

“ఏమిటి?” అంది జానెల్.

“విమానం నడపడం.”

“వెర్నా, నీకు అరవై ఆరు,” అన్నాడు లైల్.

“వెనకాల డెబ్బై మంది పిల్లలు కేకలు పెడుతుంటే, మంచుమీద జారకుండా బస్సు నడిపాను. మనది కనీసం కేకలు పెట్టదు.”

నీళ్లు తాగుతున్న జానెల్‌కి పొరబోయింది. లైల్ మాత్రం నవ్వలేదు. తల పక్కకి తిప్పి, భార్య ఉన్న చోటు వెతికి పట్టుకున్నాడు.

“నిజంగానే అంటున్నావా?”

“నడిపేది నేనైతే ప్యానెల్ కూడా నాదే.”

“అయితే తెరలే పెట్టుకో,” అన్నాడతను. “జానెల్ చెప్పిందే నిజం. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే మేలు. ఏదైనా వేడెక్కితే ముందే ఎర్రగా అరుస్తుంది. నేను వాదించింది నా కళ్ళ కోసం.”

“పెట్టుకుంటా. ఒక తెర నా ముందు, రెండోది మధ్యలో. నీ సీటు ముందు మూడు ముళ్ళు. వేగం, ఎత్తు, ఆయిల్ ప్రెషర్.”

“జాలిపడి పెట్టకు నాకు.”

“జాలేమిటి నీ మొహం! దిగేటప్పుడు నా కళ్ళు రన్‌వే మీదుండాలి. ఆ టైములో నా చెవిలో వేగం చెప్పేవాడు కావాలి. చెబుతావా, చెప్పవా?”

లైల్ పేపర్ నాప్‌కిన్ తీసుకుని మొహం తుడుచుకున్నాడు. “చెబుతాను,” అన్నాడు.

ఏప్రిల్‌లో తండ్రీకూతుళ్లు ప్యానెల్ మొదలుపెట్టారు. కూతురు గీతలు గీసింది, తెరలకి చదరాలు కోసింది. ఆ మూడు గుండ్రని రంధ్రాలు మాత్రం లైల్ తనే ఆకురాయితో అరగదీశాడు. బొటనవేలితో అంచంతా తడిమి, ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తుందో చెప్పేవాడు. జానెల్ కొలిచి చూస్తే అది నిజమయ్యేది.

“నాన్నా, ఆ రోజు నేను నవ్వాను,” అంది జానెల్ వైర్లు కడుతూ.

“నవ్వావు కాబట్టే బయటపడింది తల్లీ. లేకపోతే ఆ ఒక్క చుట్టూ తిరిగేసేవాడినే.”

జానెల్ వైర్లు వదిలేసి, తండ్రి భుజానికి నుదురు ఆనించి అలాగే నిలబడింది.

సెప్టెంబర్‌లో విమానాల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాడు. మొదటిసారి జానెల్ ఒక్కతే ఎగరేసింది. మొక్కజొన్న చేల మధ్య గడ్డి రన్‌వే పక్కన వెర్నా, లైల్ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. ఇంజన్ హోరు దగ్గరికొచ్చి, ముందునుంచి దూసుకుపోయి, ఉన్నట్టుండి తేలికైంది.

“లేచిందా?” అన్నాడు లైల్.

“లేచింది.” ఒకప్పుడు భోజనాల గదిలో పడి ఉన్న తోక చెట్ల పైన ఎండలో మెరుస్తూ పోతోంది. లైల్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు, ఏదో ప్రార్థనలో ఉన్నట్టు.

వెర్నా ఊరి ఎయిర్‌ఫీల్డ్‌లో అద్దె విమానం మీద నేర్చుకుంది. మొదటిసారి పరీక్ష తప్పి, ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పుల్లటి రబర్బ్ కాడలు పెట్టి తీపి ‘పై’ చేసింది. రెండోసారి నెగ్గింది. జానెల్ పక్కన కూర్చుని ఇంకొన్ని వారాలు తమ విమానం మీద సాధన చేయించింది. మరుసటి వేసవి, జూన్‌లో ఒక పొద్దున్న, గాలి లేని ఆకాశం కింద, భార్యాభర్తలు మొదటిసారి ఇద్దరే ఎక్కారు.

రన్‌వే మీద వేగం అందుకోగానే లైల్ గొంతు ఆమె చెవిలో పడింది. “నలభై... యాభై... అరవై. ముల్లు నిలకడగా ఉంది. లాగు, వెర్నా.”

ఆమె లాగింది. చక్రాల కింది గతుకులు ఒక్కసారిగా మాయమైపోయాయి. చేలు వెనక్కి జారాయి, పశువుల కొట్టాలు అగ్గిపెట్టెలయ్యాయి, నది వెండి తీగలా మెలికలు తిరిగింది. రెండు వేల అడుగుల దగ్గర ఆమె విమానాన్ని సమంగా నిలిపి, భయం భయంగా పక్కకి చూసింది.

లైల్ మీటర్లు చూడటం లేదు. నోరు కొద్దిగా తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, సూటిగా ముందుకు చూస్తున్నాడు. చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

“ఏం కనిపిస్తోంది లైల్?”

“నడుమ ఏమీ లేదు,” అన్నాడు. “కానీ చుట్టూ... చుట్టూ ఆకాశమే. ఎంతుందో! ఇంత ఉందా వెర్నా?”

“ఇంతే ఉంది.”

“మనం చేసిందేనా ఇది? మనల్నే మోస్తోందా?”

ఆమె తల ఊపింది. అతనికి తల ఊపడం కనపడదని గుర్తొచ్చి, “మనం చేసిందే,” అని గట్టిగా చెప్పింది.

కింద ఎయిర్‌ఫీల్డ్ మళ్లీ కనపడింది. గడ్డి మీద జానెల్ చిన్న చుక్కలా చేతులూపుతోంది. అనుకున్న ప్రకారం ఒక్క చుట్టు తిరిగి దిగిపోవాలి.

“వెర్నా,” అన్నాడు లైల్ మెల్లగా. “అప్పుడే దించకు.”

వెర్నా కన్నీళ్లతోనే నవ్వి, విమానాన్ని ఉత్తరానికి తిప్పింది.