తలవైపు ఖాళీ

మద్దిలపాలెం జంక్షన్‌లో ప్రింటర్ల కొట్టు మెట్లెక్కేటప్పటికే కృపాకర్‌కి ఏం కావాలో తెలుసు. ఎందుకు కావాలో మాత్రం ఎవరికీ చెప్పదలుచుకోలేదు. అడక్కుండా ఊరుకునే మనిషైతే బాగుండేది. కానీ ఆ కొట్టు సాయిశంకర్ ఉన్నాడే, గోడతోనైనా కబుర్లాడతాడు.

"ఇంట్లోకా, ఆఫీసుకా బాబాయ్?"

"ఇంట్లోకే."

"ఎంతమంది వాడతారేటి?"

"నానొక్కణ్ణే."

పోర్టు స్టోర్సులో గుమాస్తా ఆయన. సర్వీసు ఇంకా మిగిలే ఉంది. భార్య రోజలిన్ పోయి ఇది రెండో వానాకాలం. జ్ఞానాపురంలో రెండు గదుల ఇల్లు. పొద్దున్న గంజి కాచుకోవడం, డ్యూటీకి పోవడం, వచ్చాక కిటికీ మీద పడ్డ బొగ్గు మసి తుడుచుకోవడం, ఇంతే బతుకు. ఆ మసి తుడిచే పని ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సాయంత్రాలు ఏం చేసేవాడో ఆయనకే తెలీదు.

"చర్చి పాటల కాగితాలు, ఆధార్ కాపీలు, అలాటివి తీసుకోవాల బాబూ," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫొటోలు కూడా బాగా రావాల," అన్నాడు.

ఇంకేం, సాయిశంకర్‌కి ఊపొచ్చింది. "లేజరు తీసుకున్నావనుకో, అక్షరం బాగుంటది, ఏడాది మూల పడేసినా పని సేత్తది. ఫొటో మాత్రం నలుపూ తెలుపే. ఇదిగో, ఈ కార్ట్రిడ్జిది సవక. మిషను సవక, సిరా పిరియం. నాలుగు ఫొటోలు తీసీసరికి నాలిక బైటెట్టేత్తది. నీకు ఇంకు ట్యాంకుదే కరెక్టు. సీసాతో సిరా పోసుకోడమే. ఒక్కటే తిప్పలు, దాన్ని వదిలీకూడదు. వారానికో కాగితమైనా తియ్యాల. లేపోతే లోపల ఎండిపోయి నోరు కట్టేత్తది."

"వదల్ను," అన్నాడు కృపాకర్. "నాకు వేరే పనేటుందిలే."

సాయిశంకర్ మొదటిసారి నోరు మూసుకుని, ఫొటోలు తీసే మెరుపు కాగితాల ప్యాకెట్ ఒకటి ఊరికే సంచిలో పడేశాడు.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి చెప్పాలి. జ్ఞానాపురంలో మనిషి పోతే, శవప్పెట్టెకి మూత వేసే ముందు ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఫొటో దిగుతారు. తలవైపు చోటు కన్నబిడ్డలది. రోజలిన్‌కి ఉన్నది ఒక్కతే బిడ్డ, స్టెఫీ. శ్రీకాకుళంలో నర్సు. ఆ రోజు తుపాను వాన. బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిల్ల వస్తుంది కదా అని రోజలిన్ అక్క ఫ్లోరెన్స్ తలవైపు ఖాళీ ఉంచి అందర్నీ నిలబెట్టింది. గోతిలోకి నీళ్ళు ఊరిపోతున్నాయి, ఇంక ఆగలేం అన్నారు పెద్దలు. అందరూ కృపాకర్ వైపు చూశారు. కృపాకర్ తల ఊపాడు. ఖాళీతోనే ఫొటో తీశారు, మూత వేశారు, మేకులు కొట్టారు.

స్టెఫీ తడిసి ముద్దై వచ్చేసరికి మట్టి వేస్తున్నారు. అరవలేదు, పడి ఏడవలేదు. "నా కోసం కాసేపు ఆగలేపోయారా నాన్నా?" అంది. అంతే. తర్వాత గోడ మీద ఆ ఫొటో, అందులో తన ఖాళీ చూసి, "ఇది ఇక్కడున్నంతకాలం నాను ఈ ఇంటికి రాను," అనేసి వెళ్ళిపోయింది. అన్నట్టే రాలేదు. పోయినవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే పండక్కి కూడా, పోయినేడు సమాధుల పండక్కి, రాలేదు.

అందుకని కృపాకర్ ఏం చేశాడంటే, చర్చికి ఫ్లెక్సీలు చేసే జాన్ పాల్‌ని పట్టుకుని, వేరే ఫొటోలోంచి స్టెఫీని తీసి ఆ ఖాళీలో పెట్టించాడు. జాన్ పాల్ పెట్టాడు గానీ, పెట్టినంతసేపూ నసుగుతూనే ఉన్నాడు. "బతికున్న పిల్లని పెట్టె దగ్గర అతికించడమేటి బావా? నాకు మనసొప్పట్లేదు," అన్నాడు. పైగా కొట్లో ప్రింటు తీయిస్తే నలుగురి కళ్ళూ పడతాయి. ఆ అతుకు సంగతి వీధంతా తెలుస్తుంది. దానికోసమే ఈ ప్రింటరు.

సమాధుల పండగ ముందురోజు సాయంత్రం స్టెఫీ ఫోన్ చేసింది. "రేపు అమ్మ దగ్గరికొస్తాను నాన్నా. ఇప్పుడే బస్సెక్కినాను. ఇంటికి మాత్రం..." అని ఆగింది.

"ఇంటికి రామ్మా. నీకొకటి చూపించాలి. నచ్చకపోతే వెల్లిపోదువు."

స్టెఫీ "సరే" అంది. ఆ ఒక్క మాటకి కృపాకర్ కళ్ళు చెమర్చాయి. కోడిగుడ్లు ఉడకబెట్టాడు. రెండో మంచం మీద దుప్పటి మార్చాడు. గోడ మీది పాత ఫొటో దించి బీరువా వెనక పెట్టాడు. బైట వాన మొదలైంది. పైరేకుల మీద ఒకటే చప్పుడు. ప్రింటరు తెల్లటి మూత మీద అప్పుడే మసి పల్చగా పరుచుకుంటే గుడ్డతో తుడిచి, ఫోన్లోంచి ఫొటో పంపించాడు.

మొదట మామూలు కాగితం మీద తీశాడు. మిషను ఊపిరి పీల్చినట్టు ఒక్క చప్పుడు చేసి, కరకరమంటూ కాగితాన్ని బైటికి నెట్టింది. స్టెఫీ తలవైపు నిలబడే ఉంది. ఇటు తాను, అటు ఫ్లోరెన్స్, మధ్యలో పిల్ల. పెట్టెలో రోజలిన్, పెళ్ళినాటి తెల్లచీర, చేతులకి తెల్లటి గ్లౌజులు, వేళ్ళకి చుట్టిన జపమాల. చాన్నాళ్ళకి కృపాకర్ పైకే నవ్వాడు. అతుకు కూడా తెలియడంలేదు.

తర్వాత మెరుపు కాగితం పెట్టాడు. ఈసారి నెమ్మదిగా వచ్చింది. తడి సిరా వాసన. చేతిలోకి తీసుకుని దీపం కిందకి వంచాడు.

తలవైపు ఖాళీగా ఉంది.

పాత ఫొటో పంపించినట్టున్నాను అనుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని ఫోన్లో చూశాడు. ఫోన్లో స్టెఫీ ఉంది. నవ్వకుండా, బుద్ధిగా, జాన్ పాల్ పెట్టినచోటే ఉంది. మళ్ళీ అదే పంపించాడు.

మిషను కదల్లేదు. చాలాసేపు అలాగే ఉండిపోయింది. గదిలో సిరా వాసన పోయి ఇంకేదో వాసన... తడిమట్టి. కాలిన మైనం. ఆయన ఇంకా కొవ్వొత్తులు కొననే లేదు. రేపు పొద్దున్న సమాధుల దగ్గరే కొందామనుకున్నాడు.

కాగితం లోపలికి పోయింది. అంగుళం అంగుళం బైటికొచ్చింది. ముందు చెట్లు. గొడుగులు. ఫ్లోరెన్స్ ముఖం. తన ముఖం. మధ్యలో ఖాళీ...

స్టెఫీ కింద ఉంది. పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తల అమ్మ మీదకి వంచేసి ఉంది. ముఖం కనబడ్డంలేదు. రోజలిన్ గుండెల మీద జపమాల ఉంది. ఒక చెయ్యి ఉంది. రెండో చెయ్యి లేదు.

కృపాకర్ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

రెండో చెయ్యి స్టెఫీ మెడ మీద ఉంది. తెల్లటి గ్లౌజు. నాలుగు వేళ్ళూ జుట్టులోకి దిగి ఉన్నాయి.

కాగితం చేతిలోంచి జారిపోయింది. ఫోన్ అందుకుని స్టెఫీకి చేశాడు. మోగింది... మోగింది... చివరికి ఎత్తింది.

"ఎక్కడున్నావమ్మా?"

"తగరపువలస దాటినాం నాన్నా." మాట మత్తుగా, ఎక్కడో దూరంగా ఉంది. "బస్సులో సలేస్తంది. మెడ పట్టేసినట్టుంది. ఎవరో సెయ్యేసినట్టు..."

"నీ పక్కనెవరున్నారు?"

"ఎవరూ లేరు. సీటు ఖాళీ." తర్వాత గుసగుసగా, "అమ్మ వాసనొస్తంది నాన్నా. నిద్దరొచ్చేస్తంది..."

"పడుకోకు. స్టెఫీ... పడుకోకమ్మా."

లైను తెగిపోయింది. అప్పుడే కరెంటు కూడా పోయింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ చేశాడు. అందుబాటులో లేరంది ఫోను.

ఆ చీకట్లో నిలబడ్డాక కృపాకర్‌కి అర్థమైంది. ఇన్నాళ్ళూ కూతురి కోపం ఒక్కటే ఆయనకి కనబడింది. పెట్టెలో పడుకున్న మనిషి కూడా ఎదురుచూసిందని, బిడ్డ ముఖం చూడకుండానే ఆమె మీద మూత పడిందని, ఎప్పుడూ తట్టలేదు. ఆగమని అడగడానికి పాపం ఆమెకి నోరు లేదు. ఇప్పుడు తనే ఆ బిడ్డని తీసుకెళ్ళి ఆమె చేతికి అందేంత దగ్గర నిలబెట్టాడు. ప్రింటరు ముందు అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"రోజీ," అన్నాడు. ఆ పేరు పైకి పలికి ఎన్నాళ్ళైందో. "తల ఊపింది నాను. మూత వెయ్యమంది నాను. పిల్లకేటి తెలుసు? దాన్ని వదిలీ."

మైనం వాసన ఇంకా దగ్గరికొచ్చింది.

"తోడు కావాలంటే నన్ను తీసుకెల్లు. నాను మాత్రం ఇక్కడేటి సేస్తన్నాను? ఒక్కణ్ణే కదా."

కరెంటు లేదు. మిషను మీద ఒక్క దీపం కూడా వెలగడంలేదు. అయినా లోపల ఏదో కదిలింది. కాగితం లాగిన చప్పుడు... కరకర... కరకర... ఆగి, మళ్ళీ... తర్వాత ఒక కాగితం జారి ఆయన మోకాలి మీద పడింది. వెచ్చగా ఉండాల్సింది. చల్లగా ఉంది.

ఫోన్ వెలుగులో చూశాడు. స్టెఫీ తలవైపు నిలబడి ఉంది. నిటారుగా, బుద్ధిగా, తన చోట్లో. రోజలిన్ రెండు చేతులూ గుండెల మీద ఉన్నాయి. కృపాకర్ గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత వెలుగు కొంచెం జరిపాడు. జరిపి, అలాగే ఉండిపోయాడు.

ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నాడో, వాన ఎప్పుడు తగ్గిందో తెలీదు. కరెంటొచ్చింది. తలుపు చప్పుడైంది.

స్టెఫీ. జుట్టు తడిసి, భుజాన సంచితో. "జంక్షన్లో ఆటో దొరకలేదు నాన్నా," అంది, నిన్ననే వెళ్ళి ఇవాళ వచ్చినట్టు. కృపాకర్ ఆమె మెడ వైపు చూశాడు. ఏమీ లేదు.

"మెడ ఎలాగుందమ్మా?"

"బాగానే ఉంది. ఉన్నట్టుండి వదిలీసింది," అంటూ లోపలికొచ్చి గోడ వైపు చూసింది. పాత ఫొటో లేదు. తండ్రి చేతిలో కాగితం ఉంది. నెమ్మదిగా అందుకుంది. తన ముఖం చూసుకుంది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చి, తండ్రి భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను పెట్టించినావా నాన్నా."

"నీ సోటే కదమ్మా అది." ఆయన కూడా ఏడుస్తున్నాడు. దీనికోసమే కదా ఇంత చేసింది.

ఏడుపు తెరిపిచ్చాక ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఫొటో చూసింది. ఫ్లోరెన్స్ పెద్దమ్మ. తను. తన పక్కన... వేలు అక్కడే ఆగిపోయింది.

"మరి ఇందులో నువ్వు లేవేటి నాన్నా?"

"అతికించడంలో పోయుంటాదిలే. రా, గుడ్లు ఉడకబెట్టాను," అని కృపాకర్ వంటింటి వైపు తిరిగాడు.

"ఉండు." స్టెఫీ వెనకనుంచి ఆయన కాలరు పట్టుకుని ఆపింది. "మెడ మీద ఈ మసేటి?"

తడి గుడ్డ తెచ్చి తుడిచింది. పోలేదు. గట్టిగా రుద్దింది. నాలుగు వేళ్ళ అచ్చులు, పక్కపక్కనే, జుట్టులోకి దిగి ఉన్నాయి. వేలిముద్రల గీతలు మాత్రం లేవు, నున్నగా ఉన్నాయి.

"కిటికీ మసమ్మా," అన్నాడు కృపాకర్, తల తిప్పకుండా. "ఇక్కడ రోజూ ఉండేదే. నువ్వు తినీసి పడుకో."