అన్న వంచిన వెలుగు

తిరుమలగిరిల మా ఇంటర్నెట్ కేబులు ఆఫీసు అంటే ఒకటే గది. కింద ఎరువుల దుకాణం, మీద మేము. కిటికీకి అట్ట కొట్టి, నడుమ ఇనుప ర్యాకు నిలబెట్టిన్రు. అందుల పెట్టెలు, పెట్టెలకు పోర్టులు, పోర్టులకు పసుపు పచ్చ తీగలు. ఎరువుల వాసన మెట్లెక్కి పైకి వస్తది. ఫ్యాన్ల రొద ఎన్నడూ ఆగది. మొదట్ల తలనొప్పి లేచేది. ఇప్పుడు ఇంటికి పోతే ఆ రొద లేక నిద్ర పట్టది.

నేను ఇంటరు కాడ చదువు ఆపేసినదాన్ని. ఈ పనంత ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న. అందుకే మా అన్న శ్రవణ్‌కుమార్ నన్ను పేరు పెట్టి పిలువడు. "యూట్యూబ్ ఇంజినీరూ" అంటడు. కోపమొస్తే "పోరీ" అంటడు. బయట తెగిన కేబులు అతికేది అన్న. లోపల కూసొని పోర్టులు చూసేది నేను.

కేబులు లోపల వెంట్రుకంత గాజు పోగులుంటయి. పోగుల వెలుగు ఉరుకుతది. ఆ వెలుగు మోసుకొచ్చే సమాచారం ముక్కలు ముక్కలుగ వస్తది. ఏ ముక్కన్న పాడై వస్తే పోర్టు దాన్ని పారేసి, తప్పుల లెక్కల ఒకటి కలుపుకుంటది. అదే ఎర్రర్ కౌంటర్. అది పెరుగుడే తప్ప తనంతట తగ్గుడు తెల్వది. మనమే సున్న చేయాలె. సున్న చేసి, మళ్ళ ఏ పోర్టు కాడ పెరుగుతాందో కాపలా కాసుడే నా కొలువు.

పోగును వేలికి చుట్టి జర వంచితే చాలు, వెలుగు కారిపోతది. ఎక్కడో ఉన్న నా పోర్టుల తప్పులు లేస్తయి.

ఆ వంపునే అన్న మాటగ చేసుకున్నడు. నందికొండ దిక్కు పోయే మా కేబులు కాలువ కట్ట పొంటి, గుట్టల నడుమ నుంచి పోతది. అక్కడున్నది ఒక్కటే టవరు. ఆ టవరు కూడ మా కేబులు మీదనే బతుకుతది. కేబులు తెగిందంటే అక్కడ ఏ ఫోనూ పలకది. అందుకని అన్న కేబులుల రెండు పోగులు ఎవరికీ ఇయ్యక ఉంచిండు. తెగిన కాడికి పోంగనే ముందుగాల ఆ రెండింటి కొసలు కలుపుతడు. నా పోర్టు నుంచి పోయిన వెలుగు అక్కడ మళ్ళుకొని నాకే తిరిగొస్తది. దానికని విడిగ ఉంచిన స్పేర్ పోర్టు లేస్తది. ఇగ ఆ పోగును వంచుడే మాకు మాట. ఒక్కసారి వంచితే, వచ్చిన. రెండుసార్లు వంచితే, పని అయిపోయింది. విడువకుండ వంచుతనే ఉంటే, ఆపతి.

ఇది మా బాపు దగ్గర నేర్చుకున్నదే. బాపు గండయ్య కట్టంగూర్ల ఇప్పటికీ నేస్తడు. గుంట మగ్గంల కాళ్ళు పెట్టి కూసున్నంక మాటిమాటికి లేవలేడు. అందుకని మగ్గం కాడి నుంచి వంటింటి దాక ఒక దారం కట్టి, కొసకు గజ్జె కట్టిండు. ఒక్కసారి గుంజితే మంచినీళ్ళు, రెండుసార్లయితే చాయ. ఒకనాడు గజ్జె ఆగకుండ మోగింది. అమ్మ పిండి చేతులతోనే ఉరికింది. గుంటల బాపును తేలు కుట్టింది. జర ఆలస్యమైతే బతకకపోతుండె అన్నరు దవాఖానల.

పోయిన వానకాలం, సందె దీపం పెట్టే యాళ్లకు టవరు పోర్టు పడిపోయింది.

"కాలువ వంపు కాడ తెగినట్టుంది అన్నా. బర్లు గిట్ట తొక్కినయేమో."

"బర్రెకు అంత తెలివేడిది? జేసీబీ అయి ఉంటది." అన్న చాయ గిలాస కింద పెట్టి రెయిన్‌కోటు తొడుక్కున్నడు.

"వాన జోరుగుంది. పొద్దుగాల పోరాదే?"

"ఎవలకన్న పానం మీదికొస్తే నూటెనిమిదికి కూడ ఫోన్ పోది పోరీ. స్పేర్ మీద కన్నుంచు. వీడియోలు చూసుకుంట కూసోకు."

బండి చప్పుడు వానల కలిసిపోయింది.

జర సేపటికి కరెంటు పోయింది. గదిల పెట్టెల దీపాలు తప్ప వెలుగు లేదు. బ్యాటరీ మీద నడుస్తున్నమని యూపీఎస్ ఆగి ఆగి కూస్తాంది. తడిసిన గోడ వాసన. అప్పుడు స్పేర్ పోర్టు పచ్చగ వెలిగింది. తప్పుల లెక్క ఒక్కసారి లేచి నిలబడ్డది.

వచ్చిన.

నా పానం నిమ్మళమైంది. లెక్క సున్న చేసి కూసున్న.

చానా సేపటికి లెక్క మళ్ళ కదిలింది. ఒకటి... రెండు... హమ్మయ్య, అయిపోయిందనుకున్న. ఆగలే. మళ్ళ లేచింది. మళ్ళ. మళ్ళ. నేను కుర్చీలకెళ్ళి లేచి నిలబడ్డ.

అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద 'అన్న' అని ఉంది.

"ఉషా."

"అన్నా! స్పేర్ల తప్పులు ఆగుతలేవు. ఏమైందే?"

"ఏం కాలే. పోగులకు నీళ్ళు తాకినయి."

"మరి సిగ్నల్ ఎట్ల దొరికింది?"

"దొరికింది."

ఇంకో టవరు ఏదో దూరంకెళ్ళి అందిందనుకున్న. అన్న గొంతు వినబడంగనే నా తెలివి పక్కకు పోయింది. ఫోన్ల వాన చప్పుడు లేదు. అది కూడ అప్పుడు నా మనసుకు రాలే.

"ఆ లెక్క సున్న చెయ్యి" అన్నడు.

చేసిన. సున్న మీద నిలబడనే లేదు, ఉరికింది.

"మళ్ళ లేస్తాంది."

"మళ్ళ చెయ్యి."

చేసిన. ఈసారి ఇంకింత జోరుగ లేచింది... చెరిపిన కొద్దీ లేస్తాంది. ఎవరో తలుపు బాదినట్టు.

"ఆ పోర్టు బందు పెట్టు ఉషా. ఆ పోగు పనికిరాది."

"బందు పెడితే నీ సంగతి నాకెట్ల తెలుస్తది?"

"నేను ఫోన్ల ఉన్న కద."

బందు పెట్టిన. నా వేలితోనే. పచ్చ దీపం ఆరింది. లెక్క ఆగింది.

ఫోన్ల ఊపిరి చప్పుడు లేదు. సన్నగ ఏదో రొద మాత్రం వస్తాంది. ఎరిగిన రొదే. ఫ్యాన్ల రొద. అంతల గదిల యూపీఎస్ కూసింది.

ఫోన్ల కూడ కూసింది.

కింద షట్టరు దడదడ కొట్టి లేపిన్రు. ఎవరో మెట్లు ఎక్కుతున్నరు. శివకుమార్. కాలువ వంపు కాడ ఆయన పొలం ఉంటది. తల నుంచి నీళ్ళు కారుతున్నయి.

"చెల్లె, అన్న తిరిగొచ్చిండా?"

"లేదు... ఏమైంది?"

"కట్ట మీద బండి ఉంది, లైటు ఎలుగుతాంది. మనిషి లేడు. పిలిచినా పలుకు లేదు. ఫోన్ చేద్దమంటే టవరే లేకపాయె. మా దిక్కు సందెపొద్దు కెళ్ళి ఒక్క ఫోన్ పనిజేస్తలేదు."

ఫోన్ ఇంకా నా చెవికాడనే ఉంది.

"ఎవరొచ్చిన్రు ఉషా?" ఫోన్ల గొంతు మెల్లగ అడిగింది.

అన్న నన్ను పుట్టినకాన్నుంచి ఒక్కనాడు ఉషా అనలే.

ఉరికి పోర్టు తెరిచిన. ఒకసారి... ఇంకోసారి... దీపం రాలే. వెలుగు మళ్ళి రాలే. లెక్కల సున్న. తప్పు లేదు, ఏమీ లేదు. అంత శుభ్రమైన సున్నను నేనెన్నడూ చూడలే.

తెల్లారేదాక కాలువ దేవులాడిన్రు. రెయిన్‌కోటు కూడ దొరకలే. అతికే మిషను పరదా కింద పొడిగనే ఉంది. రెండు పోగుల కొసలు నున్నగ అతికి ఉన్నయి, ఎక్కడా తెగలే. బండి డబ్బాల అన్న ఫోన్ దొరికింది. అందుల ఆ రాత్రి చేసిన ఫోన్ ఒక్కటి కూడ లేదు. నా ఫోన్ల ఉంది. పోలీసులు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకొని, నా మొకం చూసిన్రు.

బాపు ఏడువలే. మగ్గం గుంటల కూసొని ఒకటే మాట అడిగిండు.

"బిడ్డా, వాడు గుంజలేదా?"

గుంజిండు బాపూ. ఆగకుండ గుంజిండు. నేను గజ్జె పట్టుకొని ఆపిన. ఈ మాట నోట్లకెళ్ళి రాలే. ఇప్పటికీ రాలే. అందుకే రాస్తున్న.

మా ఆఫీసు సేటు నన్ను పనిల నుంచి తీయలే, నేనూ పోలే. ఎటు పోత? స్పేర్ పోర్టుకున్న తీగను నా చేతులతోనే పీకి, పోర్టు నోటికి రబ్బరు మూత పెట్టిన. అందులకు వెలుగు పోయే దారి లేదు.

ఈ రోజు పొద్దు గూకంగ వాన మొదలైంది. మూత పెట్టిన ఆ పోర్టుల తప్పుల లెక్క లేచింది. విడువకుండ లేస్తనే ఉంది. ఇది రాస్తుంటే పక్కన ఫోన్ కూడ మోగుతాంది. తెర మీద 'అన్న'. ఆ సిమ్ము పోలీసుల కాడ ఉంది.

ఎత్తితే ఏమంటదో నాకు తెలుసు. సున్న చెయ్యమంటది.

ఫోన్ ఎత్తలే. లెక్క చెరుపలే. "అన్నా, చూస్తున్న. ఈసారి ఆపనే" అని పోర్టు దిక్కు చూసి మెల్లగ చెప్పిన. ఏం చేయాలెనో తెల్వలే. ఏ కట్టకు ఉరకాలె? ఎవలను పిలువాలె?

ఫోన్ ఆగింది. లెక్క కూడ ఆగింది.

జర సేపటికి లెక్క మళ్ళ కదిలింది.

ఒక్కసారే.

రెండోసారి కోసం చూస్తున్న... లేస్తలేదు. ఒక్కసారి వంచితే ఏమని అర్థమో ముందుగాల్నే రాసిన. కింద షట్టరు నేనే తాళమేసుకొని వచ్చిన. మెట్ల దిక్కు నుంచి ఎరువుల వాసన రావాలె. తడిసిన రెయిన్‌కోటు వాసన వస్తాంది.