దోమ లేని దోమతెర

"ఏమప్పా, దోమతెర అమ్మినావా, దోమల సత్రం అమ్మినావా?"

ఆళ్లగడ్డ అంగడిలో చాపలు సర్దుతున్న సాయినాథ్ తలెత్తాడు. జెస్సికా టీచర్. వేళ్లకు ఇంకా సుద్దపొడి ఉంది. ఆ కోపపు కళ్లనే చూస్తుండిపోయాడు.

"ఏంది అట్ల చూస్తాండావ్? సింగిల్ కాట్ తెరలు రెండు కొన్యా. మా నాయన ఒంటినిండా దోమకాట్లే!"

"ఇది తీస్కపోండి మేడం. డబుల్ కాట్‌ది. అంచులు పరుపు కిందికి బాగా దిగుతాయి."

"అయితే నువ్వే వచ్చి కట్టిపో."

సాయంత్రం వెళ్లి కట్టాడు. తెల్లటి తెరకు అవతల ఆమె మంచులో నిలబడినట్టుంది. ముడి మూడుసార్లు జారింది.

వాళ్ల నాయన సుందరరాజు రిటైరైన మాస్టారు. బ్లడ్ క్యాన్సర్‌కు ఏడాదిగా నంద్యాలలో వైద్యం. ఎర్రటి దద్దుర్లు చూసి ఇరుగుపొరుగు రావడం మానేశారు.

"ముట్టుకోవద్దప్పా" అన్నాడాయన. సాయినాథ్ ఆయన చెయ్యి పట్టుకునే లేపి కూర్చోబెట్టాడు.

పొద్దున్నే ముడులు చూసే వంకతో మళ్లీ వెళ్లాడు. మాస్టారి వీపు మీద కొత్త దద్దుర్లు. జెస్సికా కళ్లలో నీళ్లు.

"నిద్ర లేకుండా విసురుతానే ఉండా. నాయనను దోమల నుంచి గూడా కాపాడుకోలేకపోతి."

సాయినాథ్ తెరలో దూరి మూలమూలా వెతికాడు.

"కుట్టిన దోమ కడుపు నింపుకోని తెరకే అతుక్కోని ఉంటాది. ఈడ ఒక్కటీ లేదు. ఇది దోమ పని కాదు మేడం. డాక్టర్‌కు చెప్పినారా?"

"దోమకాట్ల సంగతి డాక్టర్‌కేం చెప్తాంలే అనుకొన్యా..."

ఆరోజే ముగ్గురూ నంద్యాల బస్సెక్కారు.

"ఈ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో అరుదుగా ఇలా వస్తుంది. ఏ పురుగూ కుట్టకుండానే కుట్టినట్టు దద్దుర్లు. ఎవరికీ అంటుకోదు. మందులతో తగ్గించొచ్చు. నీ తప్పేం లేదమ్మా" అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో వాన. సాయినాథ్ షట్టర్ దించబోయాడు.

"దించొద్దు. నెల్నాళ్లుగా వానంటే దోమలే గుర్తొస్తాండె. ఈ పొద్దే వాన మాదిరి కనపడతాండాది" అంది జెస్సికా. చినుకులు ఆమె చెంప మీద నిలిచి మెరిశాయి. అతని వైపు తిరిగి, "తెరలు వాపసు తీసుకుంటావా?" అని అడిగింది.

"తీసుకోను. తీసుకుంటే మళ్లీ కొట్లాటకు రావు గదా."

ముందు సీటులోని మాస్టారు తల తిప్పకుండానే అన్నాడు. "సింగిల్‌వి రెండూ ఇచ్చేయ్ పాపా. డబుల్ కాట్‌ది మాత్రం ఉంచుకో."

సాయినాథ్ ముందు సీటు వైపు వంగాడు. "సార్... మా అమ్మ..."

"మీ అమ్మ నా స్టూడెంటేలే. నేను మాట్లాడతా."

జెస్సికా వానలోకి చూస్తూనే, అతనికి మాత్రమే వినబడేట్టు అంది.

"ముడులు మాత్రం నువ్వే కట్టాల."