ఎర్ర టిక్కులు, నీలం టిక్కులు

కోడలు స్నానాల గదిలోంచి బయటికి రాకముందే మామ్మ ఎర్ర పెన్ను తీసి ఆ రోజు గడిలో టిక్కు పెట్టేసింది. పిల్ల కుర్చీలో కూర్చుని పాలు తాగుతోంది. దాని కాలు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఆ కాగితం థెరపీ సెంటరు వాళ్లది. రోజుకి రెండు గడులు. పొద్దుటి గడి మామ్మది, సాయంత్రం గడి కోడలిది. పూటకి ఇరవై నిమిషాలు పిల్ల కాలు చాపి, పాదం పైకి వంచి, ముప్పై లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. మూడున్నరేళ్ల ఆ పిల్ల మునివేళ్ల మీద నడుస్తుంది. పిక్కలు బిగుసుకుపోయి మడమ నేలకి ఆనదు. మాటలూ ఆలస్యమే, ఎప్పుడో ఒక్కో మాట విడిగా వస్తుంది. నడక నేర్చిన కొత్తలో ఆ గెంతులు చూసి మురిసిపోయి పిచ్చుక అని పేరు పెట్టుకున్నారు. అది ముద్దు కాదు, జబ్బు అని తరవాత తెలిసింది.

"అయ్యిందా అత్తయ్యా?" తల తుడుచుకుంటూ వచ్చింది కోడలు. తొమ్మిదింటికల్లా బట్టల షాపులో బిల్లింగు కౌంటరు దగ్గర ఉండాలి.

"నువ్వు లోపలికి వెళ్లగానే మొదలెట్టా."

"ఏడుపు వినపడలేదే?"

"అలవాటు పడిందిలే."

అబద్ధం ఇంత నున్నగా జారుతుందని ఆవిడకే తెలీదు. మొదటి వారం నిజంగానే చేసింది. పాదం వంచగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చేది, ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకుని వేలాడేది. ఒక రోజు మనసొప్పక మానేసింది. పొద్దున నేను మానితే ఏం, సాయంత్రం తల్లి ఎలాగూ చేస్తుందిగా అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఆ శనివారం సెంటరులో నెలవారీ పరీక్ష. థెరపీ మేడమ్ పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, కోణం కొలిచే స్కేలు చీలమండ దగ్గర పెట్టి చూసింది. చూసి, మళ్లీ కొలిచింది. పిల్లని పలకరిస్తూ నవ్వే మనిషి, ఆ పూట నవ్వలేదు.

"ఎర్రవి ఎవరివి?" కాగితం తిరగేస్తూ అడిగింది.

"మా అత్తయ్యవి. నీలం నావి," అంది కోడలు.

"రెండు పూటలా, ఒక్క రోజు కూడా తప్పలేదు. నా దగ్గరికొచ్చే వాళ్లలో ఇంత శ్రద్ధ ఇంకెవరికీ లేదు." మేడమ్ నిట్టూర్చింది. "ఇంత చేసినా పోయిన నెలకన్నా బిగిసింది. ఇంక వ్యాయామానికి లొంగదమ్మా. సర్జన్‌కి రాస్తున్నాను. బుధవారం చూసి, అవసరమైతే చేర్చుకుంటారు. మడమ వెనక నరంలా బిగిసే స్నాయువుని కోసి సాగదీయాల్సి రావచ్చు."

మామ్మ నోరు తెరవబోయింది. మాట బయటికి రాకముందే చూపు కాగితం మీద పడింది. ఎదురుగా ఎర్ర టిక్కులు, కుట్టుమిషను వేసిన కుట్టులా వరసగా, ఒకే తీరుగా ఉన్నాయి. నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి మరి.

ఆదివారం లారీ తోలుకుంటూ దూరాన ఉన్న కొడుకు ఫోన్ చేసి, "కోస్తే మళ్లీ నడుస్తుందా?" అని అడిగాడు. ఆ మూడు రోజులూ మామ్మకి అన్నం సహించలేదు. పిల్ల మాత్రం టక్కు టక్కుమని గదులన్నీ తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా ఆవిడ ఫ్రిజ్ మీది కాగితం కనపడకుండా మొహం తిప్పుకునేది.

మంగళవారం సెలవు పెట్టి, కోడలు ఆస్పత్రి సంచి సర్దుతోంది. చిన్న గౌన్లు మడతపెడుతూ అంది: "మనం చెయ్యాల్సింది చేశాం అత్తయ్యా. ఆ ఒక్క తృప్తయినా ఉంది."

మామ్మ ఇక తట్టుకోలేకపోయింది.

"నేను చెయ్యలేదమ్మాయ్."

"ఏంటి?"

"పొద్దుటి పూట. మొదటి వారం తప్ప నేను చెయ్యనే లేదు. ఊరికే టిక్కులు పెట్టాను."

గౌను కోడలి చేతిలోనే ఉండిపోయింది. "నాలుగు నెలలు. రోజూ నా మొహం చూస్తూ అబద్ధం చెప్పారు."

"అది ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"అందుకని కోయిస్తారా? రేపో మాపో దాని కాలికి కత్తి పెడతారు. అప్పుడు ఏడవదా?" మామ్మ తల వంచుకుంది. ఇంకా అననీ, ఇల్లు వదిలి పొమ్మననీ అనుకుంది.

కోడలు మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూలబడింది. చేతిలోని గౌను మడత విప్పి మళ్లీ మడిచింది.

"నేనూ చెయ్యలేదు అత్తయ్యా," అంది చివరికి.

మామ్మకి అర్థం కాలేదు.

"రోజంతా నిలబడి వస్తాను. నన్ను చూసి అది పరిగెత్తుకొస్తుంది. వస్తూనే ఏడిపించడానికి చేతులు రాలేదు. పొద్దున మీరు చేశారుగా అనుకుని, మీరు గుడికి వెళ్లిన వేళ టిక్కు పెట్టేశాను."

తిలాపాపం తలా పిడికెడు. ఒకరి మీద ఒకరు భారం వేసుకుని, ఇద్దరూ కలిసి ఆ కాలిని గాలికి వదిలేశారు. మామ్మ మంచం మీంచి కిందకి దిగి కోడలి తల ఒళ్లోకి తీసుకుంది. ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు.

బుధవారం పొద్దున్నే సర్జన్ దగ్గరికి కాదు, మేడమ్ దగ్గరికి వెళ్లారు. అంతా చెప్పారు. ఆవిడ ఆ కాగితం తీసి, టిక్కులన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టేసింది. అంతకన్నా తిట్టినా బాగుండుననిపించింది మామ్మకి.

"ఎనిమిది వారాలు చూద్దాం. సర్జన్‌తో నేను మాట్లాడతాను. ఆలస్యమైపోయి ఉండొచ్చు, నేను మాట ఇవ్వలేను," అంది మేడమ్. "నొప్పి పుట్టేదాకా వంచకండి, లాగినట్టు ఉంటే చాలు. ఇక్కడే, నా ముందు చెయ్యండి."

కోడలు పిల్ల భుజాలు పట్టుకుంది. మామ్మ పాదాన్ని అరచేతిలోకి తీసుకుని మెల్లగా పైకి వంచింది. పిల్ల గింజుకుంది, ముఖం ఎర్రబడింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "మామ్మా వద్దు," అంది.

రెండు మాటలు కలిపి అది పలకడం పుట్టాక అదే మొదటిసారి. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాట విన్నామని దానికి తెలియాలి. వదలండి, ఐదు లెక్కపెట్టండి," అంది మేడమ్. "తరవాత మళ్లీ పట్టుకోండి."

మామ్మ వదిలింది. పిల్ల ఆశగా ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడ కళ్లు తుడుచుకోకుండానే ఐదు లెక్కపెట్టి, "విన్నాను తల్లీ," అంటూ మళ్లీ పాదం పట్టుకుంది.