పట్టుకోని అచ్చుతప్పు

బుధవారం, ఒకటో తారీఖు. ఉదయం 8.10.

మేనకోడలు తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసింది. గదిలో చీకటి మూలనున్న కుర్చీలో మావయ్య తల వాల్చి కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుంది. మంచుముద్ద.

8.50కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఎదుటివాళ్ళు మాట ఎత్తుకుంటే తనే పూర్తి చేసేసే అలవాటు ఆమెది. స్టేషన్లో వెనకాల నవ్వుకుంటారు. ఇంట్లో నవ్వుకోవడానికైనా ఎవరూ లేరు.

పోయినాయన ఒకప్పుడు ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్. నలభై ఏళ్ళు అచ్చుతప్పులు ఏరాడు. పేరెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ‘ప్రూఫుగారు’. రిటైరయ్యాక వీధి చివరి లైబ్రరీలో పుస్తకాల క్లబ్బు పెట్టాడు. నెలకి ఐదు పుస్తకాలు ఎంచి, ఒక్కోదాని పక్కన ఒక్క ముక్క రాసి పంపేవాడు. ఆ నెలంతా సభ్యులు అవే చదివేవాళ్ళు. ఆఖరి ఆదివారం కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు.

ఒంటి మీద గాయం లేదు. బీరువా తెరవలేదు. కిటికీ పక్కన మరో కుర్చీ. కిటికీ గట్టు మీద మూసిన పుస్తకం. రెండు గ్లాసులు, అడుగున ఎండిన టీ.

మధ్యాహ్నం డాక్టర్ ఫోన్ చేశాడు. “గుండె ఆగిపోయింది మేడమ్. సహజ మరణమే. నిన్న సాయంత్రం నాలుగుకీ ఐదుకీ మధ్య.”

“అంటే కేసు...”

“కేసే లేదు మేడమ్.”

కానీ తలుపుకి బయటనుంచి తాళం ఉంది. శవం బయటకొచ్చి తాళం వేసుకోదు కదా.

కింది వాటాలో ఉండే కుట్టుమిషన్ ఆవిడ ఇంకో ముడి వేసింది.

“నిన్న నాలుగు దాటాక పైనుంచి మగ గొంతు వినపడిందమ్మా. ఒకటే ప్రవాహం. ఎక్కడా తడబాటు లేదు. రేడియో అనుకున్నా.”

“ఎప్పటిదాకా?”

“ఐదూ నలభై. ఆ టైముకి మా నీళ్ళ మోటారు ఆపాలి, అందుకే గుర్తు.”

ఇన్‌స్పెక్టర్ రాసుకుంది. ఐదులోపు మనిషి పోయాడు. ఐదూ నలభై దాకా గొంతు వినపడింది. ఇంట్లో రేడియో లేదు.

ఎవరో కనీసం నలభై నిమిషాలు శవంతో మాట్లాడారు.

*

“లైబ్రేరియన్ని అడగండి,” అంది మేనకోడలు. “ఈ నెల లిస్టు బల్ల మీద ఉండాలి. లేదు. దాని మీద ఇద్దరికీ పోట్లాట. మావయ్య ఎంచినవి ఎవరూ చదవట్లేదని ఆయన గొడవ.”

లైబ్రేరియన్ కౌంటర్ రిజిస్టర్ చూపించాడు. మంగళవారం సాయంత్రం 3.30 నుంచి 6 దాకా అతని చేతిరాతతో పన్నెండు ఎంట్రీలు.

“పోట్లాట నిజమే మేడమ్. పోట్లాడడానికి మాకు మేమే కదా మిగిలింది. ఏడు నెలలుగా ఆయన మీటింగుకి రావడం మానేశారు, మోకాళ్ళ నొప్పులని. పోట్లాటా ఫోన్లోనే. లిస్టు మాత్రం ఎవరో లైబ్రరీ గుమ్మం దగ్గరి డబ్బాలో వేసి వెళ్ళేవాళ్ళు.”

“క్లబ్బులో ఎంతమంది?”

“ఒకప్పుడు ఇరవై ఇద్దరు. ఇప్పుడు నలుగురు. అందులో వాచీలు బాగుచేసే అతనుంటాడు, వస్తాడు, కూర్చుంటాడు, వెళ్తాడు. నోరు విప్పడు. నత్తి.”

“అయితే అతను...”

“అతను కాదు మేడమ్. ఒక్క మాట అనడానికి అరనిమిషం పడుతుంది.”

ఆమె ఆ పేరు కొట్టేసింది. కింది వాటా ఆవిడ విన్నది తడబాటు లేని గొంతు.

*

శుక్రవారం. స్టేషన్లో ఫోటోలు ముందేసుకుంది. కిటికీ పక్కన మంచి కుర్చీ ఉండగా ముసలాయన చీకటి మూలన ఎందుకు కూర్చున్నాడు? కళ్ళజోడు ముఖం మీద లేదు, జేబులో పెట్టెలో ఉంది. గది హోల్డర్లో బల్బు లేదు. హోల్డర్ చుట్టూ సాలీడు గూడు.

రోజంతా చదివే మనిషి గదిలో బల్బు లేకపోవడమేంటి?

కళ్ళజోడు పెట్టె మీద కంటి డాక్టర్ అడ్రసు ఉంది. 11.20కి అక్కడుంది.

“కంటినరం పోయింది,” అన్నాడాయన. “ఏడు నెలల కిందటే చెప్పేశాను, ఇక చూపు రాదని. ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నాడు.”

సాయంత్రం ఒక్కతే ఆ ఇంటికి వెళ్ళింది. చీకటి మూలనున్న కుర్చీలో కూర్చుంది. నిశ్శబ్దం చెవులు కొరుకుతోంది. ఈ నిశ్శబ్దం ఆమెకి కొత్త కాదు. తన క్వార్టర్సులోనూ ఇదే ఉంటుంది.

అప్పుడు తల మీద టంగుమని ఆరు కొట్టింది.

లేచి చూసింది. పాతకాలం గోడగడియారం. ఫోన్‌తో పోల్చింది. సెకను తేడా లేదు.

*

ఆదివారం సాయంత్రం 4 గంటలు. లైబ్రరీ వెనక గది. మేనకోడలు, లైబ్రేరియన్, వాచీల అతను. క్లబ్బులో నాలుగో మనిషి కుట్టుమిషన్ ఆవిడే. ఆవిడా వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ నిలబడే మొదలుపెట్టింది.

“ప్రూఫుగారికి ఏడు నెలలుగా చూపు లేదు.”

మేనకోడలు నోరు తెరిచింది. “అబద్ధం! ప్రతి నెలా ఒకటో తారీఖున వెళ్తాను. నా ముఖంకేసే చూస్తూ మాట్లాడేవాడు.”

“ఎంతసేపు కూర్చునేవాళ్ళు?”

“పది...” ఆమె ఆగింది. “పది నిమిషాలు.”

“లిస్టు ఎవరు రాస్తున్నారనుకున్నారు? చేతిరాత మారింది కదా.”

“లైబ్రేరియన్‌గారనుకున్నా. ఆయనే చూసుకుంటున్నారులే అని...”

“నేను మీరనుకున్నానమ్మా,” అన్నాడు లైబ్రేరియన్. “మేనకోడలు దగ్గరుండి చూసుకుంటోందిలే అని నేను నిమ్మళంగా ఉన్నా.”

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు.

“వెలుతురు కావాల్సింది చదివేవాళ్ళకి. వినేవాళ్ళకి అక్కర్లేదు. అందుకే ఆయన మూలన, ఇంకొకరు కిటికీ పక్కన. మనమంతా ఆ గదిలో తిరిగాం. గోడ మీది గడియారాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దానికి వారానికోసారి కీ ఇవ్వాలి. ఎత్తులో ఉంది, కుర్చీ ఎక్కితేగానీ అందదు. చూపులేని డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఎక్కలేడు. కానీ శుక్రవారం నాటికీ సెకను తప్పకుండా నడుస్తోంది. గంటలు విని ఆయన పొద్దు తెలుసుకోవాలని ఎవరో దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు.” ఆమె తిరిగింది. “బజారుకి సెలవు మంగళవారం కదండీ?”

వాచీల అతను తల వంచుకున్నాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. లిస్టు.

“మీ గొంతేనా? నత్తి...”

“ఆ... ఆయన ద... దగ్గర రాదు మేడమ్.” చెమట తుడుచుకున్నాడు. “నా ము... ముఖం చూడరుగా. తొ... తొందరపెట్టరు. పు... పుస్తకం తీస్తే... నీళ్ళలా వచ్చేది.”

“ఆ రోజు ఏం జరిగింది?”

చాలాసేపు పట్టింది చెప్పడానికి. నాలుగు దాటిన ఐదు నిమిషాలకి చదవడం మొదలుపెట్టాడు. ప్రూఫుగారిది ఒకటే నియమం: అచ్చులో ఎలా ఉంటే అలాగే చదవాలి, దిద్దకూడదు. తప్పు వినపడగానే ఆయన కుర్చీ చేతి మీద వేలితో టక్కున కొట్టేవాడు. ఏడు నెలల్లో ఒక్కటీ వదల్లేదు.

“ఆ రోజు ‘వాన’ బదులు ‘వీన’ అని ప... పడింది. చదివా. చప్పుడు లేదు. మ... మళ్ళీ చదివా. గట్టిగా. చప్పుడు లేదు.”

అతను బల్ల మీద వేలితో ఒకసారి టక్కున కొట్టి చూపించాడు.

“అప్పుడే తె... తెలిసింది. దగ్గరికెళ్ళి చూశా. ఊపిరి లేదు. ఇంకా ప... పద్నాలుగు పేజీలుంది.”

“మరి ఎవరినైనా పిలవచ్చు...”

ఇన్‌స్పెక్టర్ తన మాట తనే మింగేసింది. అతను చెప్పేదాకా ఆగింది.

“పిలిస్తే మ... మాట్లాడాలి. నా గొంతు అక్కడ ఒక్కచోటే ప... పనిచేసేది. అందుకని పూర్తి చేశా. ఆయన వి... వినకపోయినా.” కళ్ళు తుడుచుకున్నాడు. “తాళం వేసి, లి... లిస్టు పట్టుకెళ్ళా. రాత నాదని తెలిస్తే ఆయన గు... గుట్టు బయటపడుతుంది. ‘కళ్ళు పోయాయని తెలిస్తే జాలిపడి నేను చెప్పిన పుస్తకాలన్నిటికీ తలూపుతార్రా, పోట్లాడరు’ అనేవారు.”

లైబ్రేరియన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం విప్పింది. నాలుగు పేర్లే ఉన్నాయి. ఐదో అంకె పక్కన ఖాళీ.

“ఇది...?”

“ఈసారి ఒ... ఒకటి నన్ను ఎంచమన్నారు. మొ... మొదటిసారి.”

“ఎంచారా?”

తల ఊపాడు. మొన్న మంగళవారం ఆయనకి చదివిన పుస్తకమే మళ్ళీ పెట్టమన్నాడు.

“అది పోయిన నెలదే కదయ్యా,” అన్నాడు లైబ్రేరియన్, మెత్తగానే. “మనలో ఎవరూ పూర్తి చెయ్యలేదనుకో.”

“అందుకే. ఆ... ఆఖరి పద్నాలుగు పేజీలు ఆయన వినలేదు. అందులో ఏం జ... జరిగిందో నా ఒక్కడికే తెలుసు. మా... మా...”

ఇన్‌స్పెక్టర్ నోటి చివర ఆ మాట ఉంది. పెదవులు బిగించింది. గోడకేసి చూసింది. మేనకోడలూ అందించలేదు, లైబ్రేరియన్ కూడా. కుట్టుమిషన్ ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

“...మాట్లాడుకోవడానికి ఎవరూ లేరు.”

లైబ్రేరియన్ కలం తీసి ఖాళీలో ఆ పుస్తకం పేరు రాశాడు.

కేసు ఫైలు మూతపడింది. సహజ మరణం. నేరం లేదు. అందరూ లేచారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం కౌంటర్ దగ్గర ఆగి మెంబర్‌షిప్ ఫారం అడిగింది. పేరు, వయసు, ఉద్యోగం చకచకా నింపింది.

‘కుటుంబ సభ్యుల సంఖ్య’ అన్న గడి దగ్గర కలం ఆగింది.

లైబ్రేరియన్ తొందరపెట్టలేదు.

‘ఒకరు’ అని రాసి, సంతకం పెట్టి, వచ్చే మీటింగు ఎన్ని గంటలకని అడిగింది.