శెట్టి కొమ్ముచెంబు

ఈ అనంతపురం సీమలో నేను చూడని కరువు లేదు, నన్ను చూసి జడుసుకోని దెయ్యం లేదు. ధర్మవరం నుంచి పట్టు మూటలు ఎద్దుల బండిలో వేసుకొని ఒంటిగా తిరిగినవాణ్ణి. గార్లదిన్నె దోవలో ఒక కొరివిదెయ్యం నా బీడీ ముట్టించి, దణ్ణం పెట్టి పోయింది. అది నమ్మకపోతే మానండి. ఈ కథ మాత్రం నమ్మండి. ఇందులో నాకు గెలుపు లేదు.

డెబ్బై రెండో సంవత్సరం కరువు. ధర్మవరంలో పట్టు వ్యాపారి శేషయ్య శెట్టి, నా యజమాని, బత్తలపల్లె దాటినాక రోడ్డు పక్కన చలివేంద్రం పెట్టినాడు. ఈతమట్టల పందిరి, ఇసుకలో నిలిపిన కడవలు, తడి గోనెల వాసన. చుట్టూ ఎంత దూరం పోయినా నీటిచుక్క లేదు. మధ్యాహ్నం పూట శెట్టే స్వయంగా వచ్చి, పొడుగు ముక్కున్న రాగి కొమ్ముచెంబుతో దాహమన్న వాళ్ళకు పోసేవాడు. పుణ్యమంతా తన చేతికే రావాలని.

ఎట్ల పోసేవాడో చెప్తా. దోసిలి పట్టి వంగితే సన్నగా ధార వదిలేవాడు. నీళ్ళు పెదవికి తగిలేలోపల ఆపేవాడు. వాళ్ళు తలెత్తి చూస్తే ‘హి...’ అని ముక్కుతో నవ్వేవాడు. మళ్ళీ వదిలేవాడు, మళ్ళీ ఆపేవాడు. కడకు పోసేవాడే. కానీ ముందు ఆ ఆట కావాల్సిందే.

ఒకనాడు చెన్నమ్మ అనే ముసలామె కరువు పనిలో కంకర కొట్టి వచ్చింది. పెదవులు పగిలి రక్తం ఎండిపోయుంది.

“పొయ్యి సామీ.”

“ఇంకొంచెం వంగవ్వా. పెండ్లికూతురు మాదిరి నిక్కితే ఎట్ల?”

వంగింది. ధార పడింది, ఆగింది. హి... ఇంకా వంగింది. ఆగింది. ఆ తర్వాత వంగిన మనిషి వంగినట్లే ముందుకు ఒరిగిపోయింది. దోసిలి మాత్రం విడలేదు.

నేను ఆ పక్కనే బండి ఇరుసుకు కందెన పెడుతున్నా. ఒక్క గుద్దు గుద్దింటే శెట్టి ఎగిరి ధర్మవరంలో పడేవాడు. ఎద్దులు బెదురుతాయని ఊరుకున్నా.

పందిరి నీడలో ఒక బౌద్ధ భిక్షువు కూర్చోనుండె. కన్నడ సీమ నుంచి నడిచి వస్తున్న మనిషి. లేచి, తన పాత్రతో నీళ్ళు ముంచి ఆమె నోట్లో పోసినాడు. అవి చెంప మీదుగా జారిపోయినాయి.

“ఎండదెబ్బ,” అన్నాడు శెట్టి. “నేను నీళ్ళిచ్చినోణ్ణి, చంపినోణ్ణి కాదు. కావాలంటే మా రామాంజుల్ని అడుగు.”

భిక్షువు నా వైపు చూసినాడు. నేను ఇరుసు వైపు చూసినా.

“పోసింది నీళ్ళే,” అన్నాడాయన మెల్లగా. “ఏ మనసుతో పోస్తివో అదే కర్మ. అది విత్తనం. మొలిచేదానికి వాన అక్కరలేదు.”

“ఏమప్పా, శపిస్తాండావా?”

“శాపమెందుకు? నువ్వే నాటుకుంటివి కదా.”

కొన్నాళ్ళకే శెట్టి భార్య రత్నమ్మ నాకు కబురు పెట్టింది. పోయినా. మిట్టమధ్యాహ్నం కూడా ఇంటి తలుపులన్నీ మూసున్నాయి. లోపల చీకటి. నానిన పట్టు కంపు. మూలలో శెట్టి, నాలుక నల్లబడి, రొప్పుతున్నాడు. గ్లాసెత్తుకొని తానే తాగితే గొంతు మూసుకుపోతుందట. ఎవరైనా దోసిట్లో పోస్తేనే దిగుతుందట.

“అయితే పొయ్యొచ్చు కదమ్మా?”

రత్నమ్మ గొంతు తగ్గించింది. “పోస్తే నా చెయ్యి ఆగిపోతాదన్నా. నవ్వొస్తాది...”

“ఆయన్ను చూసి నీకు నవ్వా?”

“నాకు రాదన్నా. నా నోటికి వస్తాది. కొడుక్కీ అంతే, పనోళ్ళకీ అంతే. నీది ఇనుప చెయ్యంటావు కదా... నువ్వు పొయ్యకపోతే ఈ మనిషి దక్కడు.”

నాది ఇనుప చెయ్యే. బురదలో దిగబడిన బండిని ఎద్దులతో సహా ఎత్తినవాణ్ణి. కొమ్ముచెంబు అందుకున్నా. నిండా నీళ్ళున్న చెంబు... జ్వరమొచ్చిన ఒళ్ళులాగ కాలుతోంది.

శెట్టి దోసిలి పట్టి వంగినాడు.

“పొయ్యి రామాంజులూ...”

వంచినా. ధార పడింది. పెదవి తాకేలోపల... నా మణికట్టు పైకి లేచింది. నేను లేపలేదు. రెండో చేత్తో పట్టి కిందికి గుంజినా. కదల్లేదు.

శెట్టి తలెత్తి చూసినాడు.

హి...

నా ముక్కులోనుంచే.

“ఇంకొంచెం వంగప్పా,” అంది నా నోరు.

వంగినాడు. పోసినా... ఆగింది. వంగినాడు... ఆగింది. ఆ చీకట్లో శెట్టి దోసిలి కింద ఇంకో దోసిలి కనపడింది. ముడతలు పడిన చేతులు. గోళ్ళలో కంకర దుమ్ము. శెట్టికి అందని ప్రతి చుక్కా అందులో పడుతోంది. నేల మాత్రం పొడిగానే ఉంది.

పొద్దు వాలకముందే శెట్టి ప్రాణం పోయింది. చేతులు విప్పలేక, దోసిలితోనే పాడె మీద పెట్టినారు.

చెంబును నేనే తీసుకుపోయినా. అంత ధైర్యం ఇంకెవరికుంది? బత్తలపల్లె అవతల ఎండిపోయిన పాడుబావిలో వేసినా. అది అడుగు తాకిన చప్పుడు వినపడేలోపల బీడీ మొత్తం కాల్చేసినా, అంత లోతు. ఆనక బావిని బండలతో పూడ్చినా, ఒక్కణ్ణే.

ఇప్పుడు ఎనభై ఆరో సంవత్సరం. మళ్ళీ కరువు. నేను మంచం పట్టినా. మా కోడలు కదిరమ్మ బంగారం లాంటి పిల్ల. జడుసుకుంటుందని ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు. దినమూ స్టీలు గ్లాసుతో నీళ్ళిస్తుంది.

నిన్న పొద్దున్నుంచి గ్లాసులో నీళ్ళు నోటిదాకా వస్తున్నాయి... గొంతు దిగడం లేదు.

మధ్యాహ్నం కదిరమ్మ వంటింట్లోనుంచి వచ్చింది. కొంగు చాటున రాగి తళుక్కుమంది.

“గ్లాసుతో తాగలేకపోతాండావు కదా మామా,” అంది ప్రేమగా. “దోసిలి పట్టు.”

దాహం... పట్టినా.

చెంబు కొమ్ముకు ఇంకా తడి మన్ను అంటుకోనుంది. ఆ బావిలో నేను పుట్టినప్పటి నుంచి నీళ్ళు లేవు.