గానుగ మీద పసుపు దీపం

చెలమ అనే ఊళ్ళో రక్తం పడితే నీళ్ళు పోసి కడగరు. అంగారకుడి మీద అన్ని నీళ్ళు ఎవరి దగ్గరున్నాయి గనక! బయటి నుంచి తెచ్చిన ఎర్ర ఇసుక దోసెడు చల్లి, తడి పీల్చుకున్నాక చీపురుతో ఊడ్చేస్తారు. ఇసుకా ఎరుపే కాబట్టి ఊడ్చిందేమిటో కొత్తగా వచ్చినవాడికి తెలియను కూడా తెలియదు.

ఆ ఉదయం నీళ్ళ వరస దగ్గర ఇసుక చల్లుతుంటే చిత్రలేఖ గోడవారన నిలబడి చూసింది. ఒకావిడ పక్కింటావిడ ముఖం మీద ఉక్కు ఫ్లాస్కుతో కొట్టింది. ముక్కు చితికి, ముందు పళ్ళు రెండు ఊడి నేలమీద పడ్డాయి. ఇంతా చేసి గొడవ దేనికయ్యా అంటే, వరసలో మోచెయ్యి తగిలిందట! కొట్టినావిడ ముఖంలో భయం లేదు, సిగ్గు అసలే లేదు. ఊరి నడిబొడ్డున కప్పుకి వేలాడుతున్న పసుపు దీపం వైపు చెయ్యి చూపించి, "ఎలుగుతంది కదేటి? మరి నానేటి సేసీది?" అంది. వరసలో ఉన్నవాళ్ళు నిజమేనన్నట్టు తలలూపి ఒకడుగు ముందుకు జరిగారు.

చిత్రలేఖ కూడా దీపం వైపే చూసింది. ఆ దీపం పెట్టించింది తనే. అది వెలగడానికి కారణమైన యంత్రాన్ని కనిపెట్టిందీ తనే.

ఈ సంగతి అర్థం కావాలంటే చెలమ గురించి కొంచెం చెప్పుకోవాలి. అది రెండు వేల నూట ముప్ఫై ఒకటో సంవత్సరం. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో ఓడలు కట్టిన వెల్డర్లూ ఫిట్టర్లూ రెండు తరాల కిందట వచ్చి, రాతికొండ లోపల గదులు తొలుచుకుని నిలబెట్టిన ఊరు. పన్నెండొందల మంది జనం. గ్రహం మారింది గానీ యాస మారలేదు, దాహమూ మారలేదు. నేల కింద గడ్డకట్టిన బురదని తవ్వి, వేడికి కరిగించి, అందులోంచి నీళ్ళు తీసుకుంటేనే ఆ పూటకి బతుకు. ఆ నీళ్ళు తీసే యంత్రాన్ని కాగితాల్లో అపకేంద్ర విభాజకం అని రాస్తారు. ఊళ్ళో మాత్రం గానుగ అంటారు. రెండు నిలువుల ఉక్కు డోలు, నిమిషానికి నాలుగు వందల ఇరవై చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి బరువైన మట్టి అంచుకు పోయి అతుక్కుంటుంది, తేలికైన నీరు లోపలి వైపు మిగిలి కాలవలోకి జారుతుంది. అంతే, అందులో మాయేం లేదు.

చిక్కల్లా మట్టితోనే. అది డోలంతా సమంగా పేరుకోదు. ఒక పక్క నాలుగు బస్తాలు ఎక్కువ పడిందంటే డోలు అటు లాగుతుంది, ఇరుసు కొట్టుకుంటుంది, యంత్రం మొత్తం పూనకం వచ్చినట్టు ఊగుతుంది. నాలుగేళ్ళ కిందట రెండో గానుగ అలాగే ఊగి ఊగి పగిలింది. ఉక్కు పలకలు గోడని చీల్చుకొచ్చి నీళ్ళ వరసలో పడ్డాయి. పందొమ్మిది మంది పోయారు. కొందరి దేహాలు పూర్తిగా పోగుచెయ్యడానికి కూడా దొరకలేదు. విరిగిన గొట్టాల కింద ఇరుక్కున్న చిత్రలేఖని గానుగ ఆపరేటరు అప్పలసూరి బయటికి లాగాడు. లాగుతుంటే ఆయన వేళ్ళు రెండు తెగిపోయాయి. అప్పటి నుంచి ఆమెకి ఆయన బాబాయి, ఆయన భార్య పైడితల్లి పిన్ని.

ఆసుపత్రి మంచం మీదే చిత్రలేఖ ఒట్టు పెట్టుకుంది, ఇక ఏ గానుగనీ ఊగనివ్వనని. మూడేళ్ళు తిండీ తిప్పలూ మరిచిపోయి శాంతకాన్ని తయారుచేసింది. డోలు ఇరుసు చుట్టూ అరవై నాలుగు విద్యుదయస్కాంతాలు, వాటి మధ్య సెన్సర్లు. డోలు ఎటు ఒరగబోతుందో సెన్సరు కనిపెడుతుంది. వెంట్రుకవాసి కదిలేలోపే అటు నుంచి అయస్కాంతం ఎదురు నెడుతుంది. మొదటిరోజు గానుగ తొడుగు మీద నిండు గ్లాసు పెట్టి చూపిస్తే ఒక్క చుక్క తొణకలేదు. ఊరంతా చప్పట్లు కొట్టింది, అప్పలసూరి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మరి ఆ కుదుపు ఏమైనట్టు? బలం ఎక్కడికీ మాయం కాదు గదా. ఆ నెట్టు పునాదిలోకి, పునాది నుంచి కొండరాతిలోకి దిగింది. సెకనుకి ఏడుసార్లు. సెకనుకి ఇరవైకి తక్కువైతే మనిషి చెవికి వినపడదు. కానీ ఆ రాతిలోనే జనం వండుకుంటారు, పడుకుంటారు, పిల్లల్ని కంటారు.

మూడో నెల నుంచి కొట్లాటలు మొదలయ్యాయి. బురద చెడ్డగా వచ్చి శాంతకం గట్టిగా పనిచేసిన రోజున మరీ ఎక్కువ. రెండిటి గ్రాఫులూ గీసి చూసుకుని చిత్రలేఖే ఊరి మండలి ముందుకెళ్ళి, "నా యంత్రమే మీకు పిచ్చెక్కిస్తోందేమోనని అనుమానంగా ఉంది" అని చెప్పేసింది. విరుగుడు దొరికేదాకా జాగ్రత్తపడమని పసుపు దీపం పెట్టించింది. అది వెలిగితే శాంతకం నడుస్తున్నట్టు. ఆ సమయంలో ఒకరికొకరు ఎడంగా ఉండండి, కోపమొస్తే కూర్చోండి అని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

జాగ్రత్త ఎవడిక్కావాలి! జనం ఇంకొకటి అడిగారు, మండలి ఇచ్చింది. దీపం వెలుగుతుండగా పడ్డ దెబ్బ చెయ్యి వేసినవాడిది కాదు, గానుగది. కొట్టినవాడు తన ఒక పూట నీళ్ళు దెబ్బ తిన్నవాడి గుమ్మంలో పెడితే సరిపోతుంది. ఆ నియమం వచ్చిన వారంలోనే ఒకడు తమ్ముడి చెవి కొరికేశాడు. ఇంకొకడు ఎప్పటిదో పాత పగకి పొరుగువాడి మోకాలిచిప్పలు సుత్తితో పగలగొట్టి, మర్నాడు ఫ్లాస్కు పట్టుకుని మర్యాదగా వాళ్ళింటికెళ్ళాడు. నీళ్ళ వరస చూసే మేస్త్రీ రొంగలి నర్సింగు సంగతి చెప్పనే అక్కర్లేదు. ముగ్గురిని మంచం పట్టించాడు.

అప్పుడు చిత్రలేఖకి రెండో అనుమానం పుట్టింది, వీళ్ళని కొట్టిస్తున్నది అసలు ఆ కంపమేనా అని. తొమ్మిది రోజుల కిందట ఎవరికీ చెప్పకుండా శాంతకాన్ని ఆపేసింది. డోలు వేగం తగ్గించి, బురద తక్కువ పోసి, గానుగని పాత స్ప్రింగుల మీదే ఊగనిచ్చింది. ఆ కాస్త కుదుపునీ స్ప్రింగులే తినేస్తాయి, రాతిలోకి దిగదు. తగ్గిన నీళ్ళు నిల్వ తొట్టిలోంచి సర్దింది. దీపాన్ని మాత్రం ఆర్పలేదు. పది రోజుల కొలతలు కావాలి, ఇవాళ పదో రోజు.

ఇసుక ఊడ్చాక ఆమె గానుగ గదికి వచ్చి, యంత్రాల మీద నిఘా ఉంచే సూచిని అడిగింది. సూచికి రూపం లేదు, గోడలోంచి వచ్చే గొంతు మాత్రమే.

"సూచీ, శాంతకం ఆపిన దగ్గర్నుంచి కొట్లాటలెన్ని?"

"ముప్ఫై నాలుగు. అంతకు ముందు పది రోజుల్లో ఇరవై రెండు."

"రాతిలో కంపం?"

"లేదు. తొమ్మిది రోజులుగా సున్నా."

"అయితే వీళ్ళని కొట్టిస్తున్నదేమిటి?"

"నా దగ్గర యంత్రాల కొలతలూ కొట్లాటల లెక్కా మాత్రమే ఉన్నాయి. వాటిలో కారణం కనిపించడం లేదు."

చిత్రలేఖ కుర్చీలో కూలబడింది. ఏడుపొచ్చింది, దాంతోపాటు సంతోషం కూడా. తన యంత్రం నిర్దోషి! ఆ సంతోషానికి తనకే సిగ్గేసింది.

"లేఖమ్మా, శాంతకం సచ్చిపోనాదేటి?"

గానుగ వెనకనుంచి అప్పలసూరి వచ్చాడు. చేతిలో మూరెడు ఇనుప కడ్డీ ఉంది. కడ్డీ ఒక కొన ఇరుసు తొడుగుకి ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచిపట్టి, యంత్రం ఆరోగ్యం చెప్పడం పాత ఆపరేటర్ల అలవాటు. ఎన్ని సెన్సర్లు వచ్చినా ఆయన ఆ కడ్డీని వదల్లేదు.

"నీకెలా తెలిసింది బాబాయ్?"

"ఇన్నాళ్ళూ జొరంతో డూటీకి రానేదు గదా. ఇయ్యేల పంట్లో పెట్టగానే జివ్వున కొట్టింది. శాంతకం ఆడితే డోలు కిమ్మనదు."

ఆమె దాచలేదు. మొత్తం చెప్పింది. అప్పలసూరి ముఖం మాడిపోయింది.

"అంటే దీపం ఉత్తుత్తిదే? ఆళ్ళ కసి కొద్దీ ఆళ్ళు కొట్టుకుంతన్నారా? తెలిసుండి ఊరుకున్నావా?"

"సాయంత్రానికి పదో రోజు కొలత పూర్తవుతుంది. అప్పుడు మండలి ముందు నేనే చెబుతాను. ఈ ఒక్క పూట ఆగు బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఈ పూటకి ఇంకెవుడి పళ్ళు రాలాలమ్మా? నీ కొలత నిండడానికి ఎంతమంది కావాల?" ఆయన తలుపు వైపు తిరిగాడు. "నాను పోయి సెప్పేస్తాను. మనుసులే కదా, ఇంటారు."

కడ్డీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చిత్రలేఖ లేచి తలుపుదాకా వెళ్ళింది. ఆయన వెంటే వెళ్ళి పక్కన నిలబడి, అవును, నేనే ఆపాను అని ఒక్క మాట అంటే పోయేది. కానీ మధ్యాహ్నపు కొలత ఇంకా తీసుకోలేదు. పావుగంట పని. ఆమె మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది.

పావుగంట నిండకముందే అరుపులు వినిపించాయి. పరుగెత్తింది.

నీళ్ళ వరస చెదిరిపోయి గుంపయింది. గుంపు మధ్యలో అప్పలసూరి కడ్డీ పైకెత్తి అరుస్తున్నాడు. "గానుగ మీద ఏసీకండిరా! తొమ్మిది రోజులై శాంతకం ఆడనేదు. ఆ సెయ్యి నీదే, ఆ కసీ నీదే!"

"ముసిలోడికి మతిపోనాది" అన్నాడు నర్సింగు. "అదాడకపోతే నానెందుకు కొడతాను?"

అంటూనే గొంతు మీద గుద్దాడు. అప్పలసూరి వంగిపోయాడు. నర్సింగు మోకాలితో ఆయన ముఖం మీద పొడిచాడు. పొద్దున ఫ్లాస్కుతో కొట్టినావిడ అందరికన్నా ముందు ఉరికింది. తమ్ముడి చెవి కొరికినవాడు, సుత్తితో మోకాళ్ళు పగలగొట్టినవాడు, ఒక్కొక్కరూ వచ్చిపడ్డారు. ముసలాయన చెప్పింది నిజమైతే చేసినదంతా ఎవరి నెత్తిన వాళ్ళకే వచ్చిపడుతుంది. ఆ మాట మళ్ళీ లేవకూడదు. బూట్లతో తన్నారు, డొక్కలో తొక్కారు. పక్కటెముకలు విరుగుతున్న చప్పుడు గుంపు బయటికి వినిపించింది. ఎవరూ తిట్టడం లేదు, అరవడం లేదు, బరువు పని చేస్తున్నవాళ్ళలా ఆయాసపడుతున్నారు. చిత్రలేఖ గోళ్ళతో రక్కి, పళ్ళతో కొరికి, దారి చేసుకుని లోపలికి వెళ్ళింది. ఎవరి మోచెయ్యో తగిలి ఆమె పెదవి చిట్లింది. ఆమె చేరేసరికి అప్పలసూరి ముఖం ఎవరిదో చెప్పలేనట్టుంది. కింద నేల నల్లబడింది.

నర్సింగు బూటు ఇంకా ఆయన ఛాతీ మీదే ఉంది. చెమట తుడుచుకుని, "పాపం, గానుగ సంపీసింది" అన్నాడు.

చిత్రలేఖకు ఒళ్ళు మండిపోయింది. కడ్డీ ఆమె కాళ్ళ దగ్గరే పడుంది. అందుకుంది. అందుకుంటూ ఒక్కసారి తలెత్తి దీపం వంక చూసింది. వెలుగుతోంది. రెండు చేతులా ఎత్తి నర్సింగు దవడ మీద కొట్టింది. ఎముక పగిలింది. పడ్డాక మళ్ళీ కొట్టింది, మోచేతి మీద, మోకాలి మీద, కంటి మీద. భుజాలు లాగేసేదాకా కొట్టింది. దీపం వెలుగుతుండగా ఆ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఆపరు. ఆమెనీ ఆపలేదు.

గంట తర్వాత మండలి కబురు పెట్టింది. వెళ్ళేముందు చిత్రలేఖ గానుగ గదిలో ఆగింది.

"సూచీ, ఈ పది రోజుల కొలతలు చెరిపెయ్."

"చెరిపితే తిరిగి రావు. పరీక్ష పూర్తయిందా?"

"పూర్తయింది."

అప్పలసూరిని కొట్టిన పదకొండు మందిలో పదిమంది మండలి ముందు వరసగా నిలబడి ఉన్నారు. పదకొండోవాడు నర్సింగుని స్ట్రెచరు మీద తెచ్చారు, తలంతా కట్లు, ఒక్క కన్ను బయటికి ఉంది. మండలి పెద్ద నడివయసు మనిషి, ఆవిడ చిత్రలేఖనే అడిగింది. "యంత్రం నీది తల్లీ. నువ్వేమంటే అదే. ముసలాయన అన్నమాట నిజమా? శాంతకం ఆడుతోందా, ఆగిపోయిందా?"

ఆగిపోయిందంటే ఆ పదకొండు మందీ హంతకులు. వాళ్ళ పక్కన పన్నెండో మనిషిగా తను నిలబడాలి. తొమ్మిది రోజులు దాచినందుకు అందరికన్నా ముందు నిలబడాలి.

"ఆడుతోంది" అంది చిత్రలేఖ.

పదకొండు మంది ఒక్కసారిగా ఊపిరి వదిలారు. నర్సింగు మాట్లాడలేక, వేలితో తలుపు బయటి పసుపు దీపాన్ని చూపించి, ఒంటిచేత్తో ఆమెకి నమస్కారం పెట్టాడు. క్షమించేశాడన్నమాట! ఆమె తన పూట నీళ్ళు అతని గుమ్మంలో పెట్టి వచ్చింది.

సాయంత్రం కడ్డీ పట్టుకుని పైడితల్లి ఇంటికి వెళ్ళింది. గుమ్మం ముందు పదకొండు ఫ్లాస్కులు వరసగా ఉన్నాయి, ఒక్కటీ లోపలికి తీయలేదు. పైడితల్లి లోపలి గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. చిత్రలేఖ కడ్డీ ఇచ్చింది. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

"లేఖమ్మా, మీ బాబాయిని గానుగే సంపిందంతావా?"

"అవును పిన్నీ."

పైడితల్లి గోడవైపు తిరిగింది. కడ్డీ ఒక కొన రాతిగోడకి ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచిపట్టి కళ్ళు మూసుకుంది. తర్వాత నోట్లోంచి తీసి కొంగుతో తుడిచింది.

"శాంతకం ఆడినన్నాళ్ళూ ఈ గోడ జివ్వుమనీది. జొరమొచ్చీదాకా రోజూ నాకూ పట్టి సూపించీవోడు, నవ్వీవోడు" అంది. "ఇప్పుడు ఏటీ లేదమ్మా."

పైడితల్లి కడ్డీని కింద పెట్టలేదు, బరువు చూస్తున్నట్టు చేతిలో తిప్పింది.

"దీపం ఎలుగుతందా లేఖమ్మా? నాకిక్కడికి అవుపడదు."

గుమ్మంలోంచి చూస్తే చిత్రలేఖకి దీపం కనిపిస్తోంది. ఆరిపోయిందని అనొచ్చు, లేచి వెళ్ళిపోవచ్చు. ఆమె లేవలేదు.

"వెలుగుతోంది పిన్నీ."

పైడితల్లి కడ్డీ వదలకుండా గోడ పట్టుకుని లేచి నిలబడింది.